ఐదు ముక్కల అక్వేరియం ట్రిమ్మింగ్ సెట్: డబ్బుకి న్యాయం చేసేవి రెండు ముక్కలే

పూర్తిగా చదివే ఓపిక లేనివాళ్ళకి ముందే చెప్పేస్తున్నా. చేపల తొట్టిలో మొక్కలు కోయడానికి, నాటడానికి ఆన్‌లైన్‌లో వెయ్యి రూపాయల లోపు దొరికే ఐదు ముక్కల స్టీల్ సెట్ ఉంది కదా, నల్ల పౌచ్‌లో వస్తుంది, అదే ఫొటో పెట్టి పదిమంది అమ్ముతుంటారు, అది కొనొచ్చు. కాకపోతే ఐదూ పనికొస్తాయనుకుని మాత్రం కొనకండి. తిన్నగా ఉండే ట్వీజర్, అంటే మొక్కని పట్టుకుని నాటే పొడుగు చిమటా, బాగుంది, వంపు కత్తెర బాగుంది. మిగతా మూడూ, అంటే కొస వంగిన ట్వీజర్, మెలిక తిరిగిన వేవ్ కత్తెర, ఇసుక సర్దే పట్టీ, పౌచ్ దాటి బయటకి రావడమే అరుదు. ఐదుకి మూడున్నర ఇస్తా. మిగతా ఒకటిన్నర ఎందుకు కోశానో కింద రాస్తున్నా, ఎందుకంటే ఈ సెట్ మీద నేను చూసిన రివ్యూలన్నీ "నైస్ ప్రొడక్ట్", "గుడ్ క్వాలిటీ" దగ్గరే ఆగిపోయాయి, దీంతో ఏ మొక్కని ఎలా కోశారో ఒక్కరూ చెప్పలేదు.

మాది అనంతపురం. తొట్టి రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగుకి కాస్త ఎక్కువ ఎత్తు, నీళ్ళు అరవై లీటర్ల చిల్లర పడతాయి. మొక్కలకి కార్బన్ డయాక్సైడ్ వదిలే సీఓటూ సిలిండర్ లేదు, మొక్కల కోసమే అమ్మే ఖరీదైన ఆక్వా సాయిల్ మట్టి లేదు. కడిగిన ఇసుక, వేర్ల దగ్గర గుచ్చే ఎరువు బిళ్ళలు (రూట్ ట్యాబ్లెట్లు), టైమర్‌కి తగిలించిన ఎల్ఈడీ లైటు రోజుకి ఏడు గంటలు, అంతే. వెనక వరసలో వాలిస్నేరియా, ఒక మూల హైగ్రోఫిలా, ఇంకో మూల రొటాలా, మధ్యలో చెక్కకి కట్టిన అనూబియాస్, జావా ఫెర్న్, ముందు క్రిప్టోకొరైన్ వెండ్టీ, అక్కడక్కడా జావా మాస్. ఈ రివ్యూ ఇలాంటి మామూలు తొట్టి ఉన్నవాళ్ళకే ఉపయోగం. పోటీలకి పంపే అక్వాస్కేప్, అంటే తొట్టిలోనే తోటలా తీర్చిదిద్దే పని, చేసేవాళ్ళు జపాన్ కత్తెర్లు కొనుక్కుంటారు, వాళ్ళకి నేను చెప్పేదేం లేదు.

అసలు ఈ సామానంతా అవసరమా, చెయ్యి పెట్టి తుంచేస్తే పోదా అని ఇంట్లోవాళ్ళు అడిగారు, మీ ఇంట్లోనూ అడుగుతారు. తుంచడానికైతే చెయ్యి చాలు, హైగ్రోఫిలా లాంటి మెత్తటి కాడ గోటితోనే తెగుతుంది. బాధంతా మళ్ళీ నాటేటప్పుడే. వేలితో ఇసుకలో గుంత చేసి కాడ పెట్టి, వేలు పైకి తీయగానే వేలితో పాటు కాడా వచ్చేస్తుంది, పోతూ పోతూ పక్కన నాటిన వాటిని కూడా లేపుకుపోతుంది. పైగా మోచేయి దాకా ముంచితే నీళ్ళు పొర్లి స్విచ్ బోర్డు వైపు పోతాయి, చేపలు బెదిరి మూలకి దాక్కుంటాయి. అందుకే నా లెక్కలో కత్తెర కన్నా ట్వీజరే ముఖ్యం, కానీ అందరూ కత్తెర చూసి సెట్ కొంటారు.

ఆ ట్వీజర్ సంగతి. పొడవు 27 సెంటీమీటర్లు, మన ఎత్తు తొట్టికి సరిగ్గా సరిపోతుంది, మోచేయి దాకా ముంచే పని ఉండదు. లోపలి వైపు సన్నటి గీతలున్నాయి, కాడ జారదు. కొసలు రెండూ కలుస్తున్నాయా లేదా అన్నదే ఇందులో చూడాల్సింది. డబ్బా విప్పగానే ఒక వెంట్రుకని పట్టుకుని లాగి చూడండి, జారిపోతే కొసలు కలవనట్టే, వెంటనే రిటర్న్ పెట్టేయండి. నాకు వచ్చింది బాగానే పట్టుకుంది. స్ప్రింగ్ బిగువు మాత్రం కాస్త ఎక్కువ, చాలాసేపు నాటితే బొటనవేలు లాగుతుంది, రొటాలా లాంటి సన్న కాడని గట్టిగా నొక్కితే నలిగిపోతుంది కూడా. నలిగిన చోట కుళ్ళి, మొక్క రెండు మూడు రోజుల్లో తేలిపోతుంది. కాబట్టి అడుగు కణుపు దగ్గర, అక్కడి ఆకులు ముందే తీసేసి, తేలిగ్గా పట్టుకోవాలి. ట్వీజర్ని నిలువుగా దించకుండా కాస్త ఏటవాలుగా ఇసుకలోకి గుచ్చాలి, రెండంగుళాలు లోపలికి వెళ్ళాక కొసలు కొద్దిగా వదులు చేసి, అటూ ఇటూ చిన్నగా కదుపుతూ బయటకి తీయాలి. ఇసుక తనంతట తనే కూరుకుని కాడ నిలబడుతుంది. ఒకసారి చెయ్యి తిరిగిందంటే గుప్పెడు కాడలు చకచకా నాటేయొచ్చు. ఒక్కో కాడా విడిగా, వేలెడు ఎడంతో నాటండి. షాపువాడు కట్టిచ్చిన కట్టని కట్టగానే గుచ్చేస్తే మధ్య కాడలకి వెలుతురు తగలక కుళ్ళిపోతాయి. కట్ట చుట్టూ ఉండే సీసం పట్టీ కూడా తీసేయాలి, అది కాడని నొక్కేస్తుంది.

ఇక వంపు కత్తెర. 25 సెంటీమీటర్లు, కొస పైకి వంగి ఉంటుంది. కొత్తప్పుడు పదును పరీక్షించడానికి పల్చటి పాలిథిన్ కవరు కోసి చూశా, మొదలు నుంచి కొస వరకు ఎక్కడా నమలకుండా తెగింది. వేలు పెట్టే రింగులు మాత్రం చిన్నవి. మా ఇంట్లో ఆడవాళ్ళ చేతికి సరిపోయాయి, లావు వేళ్ళున్నవాళ్ళకి ఒరుసుకుపోతాయి. రెండు రెక్కలు కలిసే చోట స్క్రూకి బదులు రివెట్ కొట్టారు, అంటే వదులైనా బిగించుకోవడానికి లేదు. స్క్రూ ఉన్న సెట్ దొరికితే వంద ఎక్కువైనా అదే తీసుకోండి. నేను కోసిన మార్కుల్లో సగం ఈ రివెట్‌కే.

దీన్ని ఎక్కువగా వాడేది కాడ మొక్కల మీద, అంటే హైగ్రోఫిలా, రొటాలా, లుడ్విజియా, బకోపా లాంటివి. ఇవి పైకి ఎగబాకి నీటి మట్టం తాకాక అక్కడే అడ్డంగా పాకడం మొదలుపెడతాయి. పైన పందిరి వేసేస్తే కింద వెలుతురు ఉండదు, అడుగు ఆకులు పసుపెక్కి రాలి, చివరికి పైన పచ్చగా కింద బోడిగా మిగులుతుంది. చామంతి తోటల్లో తలలు తుంచుతారే, ఇదీ అదే పని. కణుపుకి కాస్త పైన కోస్తే ఆ కణుపులోంచి రెండు చిగుళ్ళు వస్తాయి, ఒక కాడ రెండవుతుంది. అలా ఒక్కో విడత ఒక్కో ఎత్తులో కోస్తూ పోతే గుబురు కడుతుంది. ముందు వైపు పొట్టిగా, వెనక్కి పోయేకొద్దీ పొడుగ్గా కోస్తే చూడ్డానికీ బాగుంటుంది, వెలుతురూ అందరికీ అందుతుంది.

ఇందులో ఒక చిక్కుంది. కోసిన మోడు ఎన్నిసార్లని చిగురేస్తుంది? కొన్ని విడతల తర్వాత కింది భాగం ముదిరి, గోధుమ రంగుకి తిరిగి, పాచి పట్టి, చిగుళ్ళు సన్నబడతాయి. అప్పుడు మోడు పీకేసి, పై తలలనే నాలుగైదు కణుపులతో కోసి తిరిగి నాటాలి. మొక్కలో ఎప్పుడూ బలంగా ఉండేది తలే. కొత్తవాళ్ళు తల కోసి పారేసి మోడుని జాగ్రత్తగా కాపాడుకుంటారు, నాకైతే చూసినప్పుడల్లా ప్రాణం ఉసూరుమంటుంది. హైగ్రోఫిలా పాలీస్పెర్మా మన దేశపు మొక్కే, మన ఎండకి, మన నీళ్ళకి తట్టుకుంటుంది, మొదటిసారి కత్తెర పట్టేవాళ్ళు దాని మీదే చెయ్యి తిప్పుకోండి. ఎలా కోసినా చావదు.

ఎంత కోయాలి అన్నదానికి నా పద్ధతి, ఈ వారం ఎడమ సగం, పైవారం కుడి సగం. ఒకే రోజు తొట్టంతా గొరిగేస్తే నీళ్ళల్లో ఉన్న నైట్రేటు, ఫాస్ఫేటు తినే ఆకులు ఉండవు, లైటు మాత్రం అదే వేగంతో కొడుతూ ఉంటుంది, ఆ తిండంతా పాచికే పోతుంది. ట్రిమ్ చేసిన రోజునే మూడో వంతు నీళ్ళు మార్చేయడం కూడా మంచిది, కోసిన కాడల్లోంచి కారే రసం, ఇసుకలోంచి లేచిన మడ్డి పోతాయి. మున్సిపాలిటీ కొళాయి నీళ్ళు వాడేవాళ్ళు క్లోరిన్ పోగొట్టే మందు వేయడం మరిచిపోకండి. తీసిన నీళ్ళు మోరీలో పోయకండి, కరువు సీమలో అదొక పాపం, మా అమ్మ ఆ బక్కెట్ కోసమే ఎదురుచూస్తుంది, కరివేపాకు చెట్టుకి, మల్లె కుండీకి పోస్తుంది. చేపల మురికిలో నత్రజని ఉంటుంది కాబట్టి వాటికది మంచి తిండి. తొట్టిలో ఉప్పు వేసి ఉంటే మాత్రం పోయొద్దు.

వాలిస్నేరియాకి ఈ కత్తెర అవసరం తక్కువ. అది రిబ్బను ఆకు, నీటి మట్టం దాటి పైన తేలుతుంది. మధ్యలో కోస్తే కోసిన అంచు గోధుమ రంగులోకి మారి అసహ్యంగా కనిపిస్తుంది, ఒక్కోసారి ఆకు మొత్తం కరిగిపోతుంది. ముదురాకుని మొదట్లో, ఇసుక దగ్గర కోసి పూర్తిగా తీసేయడమే మేలు, వంపు కత్తెర వంగి లోపలికి వెళ్తుంది కాబట్టి ఆ పని దీంతో బాగా అవుతుంది. ఇంకోటి, ఇది ఇసుక కింద తీగ పాకించి పిల్ల మొక్కలు వేస్తుంది. పిల్లకి మూడు నాలుగాకులు, సొంత వేర్లు వచ్చాక మధ్యలో తీగ కోసి పీక్కోవచ్చు. అంతకు ముందే కోస్తే ఎదుగుదల ఆగుతుంది. పట్టించుకోకుండా వదిలేస్తే ముందు వరసలోకి వచ్చేసి క్రిప్టోకొరైన్ మీద పడుతుంది. మన బోరు నీళ్ళకి ఇంతకంటే మంచి మొక్క లేదంటాను. గట్టి నీళ్ళల్లో ఉండే బైకార్బొనేట్ నుంచే కార్బన్ లాక్కోగల మొక్కల్లో ఇదొకటి, హైడ్రిల్లా ఇంకోటి. చాలా మొక్కలకి ఆ శక్తి లేదు. లిక్విడ్ కార్బన్ పేరుతో అమ్మే గ్లూటరాల్డిహైడ్ మందు వాడేవాళ్ళు మాత్రం జాగ్రత్త, దానికి వాలిస్నేరియా కరిగిపోయిందని చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు.

అనూబియాస్‌కి ఏడాదికి వచ్చే ఆకులే తక్కువ. దాన్ని గుబురు చేద్దామని కోయకూడదు, పాచి పట్టిన ముదురాకునే కాడతో సహా మొదట్లో తీయాలి. లావుగా అడ్డంగా పాకే దాని కాండాన్ని రైజోమ్ అంటారు, దాన్ని ముక్కలు చేసి పెంచుకోవచ్చు, ముక్కకి కనీసం మూడు నాలుగాకులు ఉండేలా చూసుకోండి. ఈ సెట్ కత్తెరతో ఆ లావు కాండం కోయకండి, రెక్కలు పక్కకి జరిగి పదును దెబ్బతింటుంది, కొత్త బ్లేడు వాడండి. ఇసుకలో పూడ్చొద్దు, కుళ్ళుతుంది. దారంతోనో, ఫెవిక్విక్ లాంటి జిగురు చుక్కతోనో చెక్కకి అంటించేయడమే. జావా ఫెర్న్ ఆకు అడుగున నల్ల చుక్కలు వస్తే జబ్బని కోసేస్తుంటారు, అవి బీజాల గుంపులు. ముదురాకు కొసల్లో చిన్న పిల్ల మొక్కలు వేలాడితే వాటిని గిల్లి ఇంకో చోట కట్టుకోవచ్చు, కొత్త మొక్క ఉచితం.

క్రిప్టోకొరైన్ అయితే చోటు మార్చినా, నీళ్ళు మారినా అలిగి ఆకులన్నీ కరిగించేస్తుంది. బెంగళూరు నుంచి తెచ్చిన వారానికి జావలా అయిపోయిందని పీకి పారేసేవాళ్ళే ఎక్కువ. పీకకండి. కరిగిన ఆకులు మాత్రం కోసి తీసేయండి, వేర్లు బతికే ఉంటాయి, కొన్ని వారాల్లో కొత్తాకు వస్తుంది. షాపుల్లో అమ్మే చాలా మొక్కలు నర్సరీలో నీళ్ళ బయట, తేమ గాలిలో పెంచినవి, ఆ ఆకులు నీళ్ళల్లో ఎలాగూ నిలవవు. నీళ్ళల్లో పుట్టిన కొత్తాకు వేరేగా, పల్చగా ఉంటుంది. అది కనిపించగానే పాతవి ఒక్కొక్కటిగా కోసేయడమే, ఆ పనికి వంపు కత్తెర కొస బ్రహ్మాండంగా పనిచేసింది.

జావా మాస్ తొట్టిలో కోయకండి, ఏ కత్తెర అయినా సరే. తునకలు ఎగిరి ఫిల్టర్ స్పాంజిలో దూరతాయి, ఇసుకలో పడిన ప్రతి తునకా మళ్ళీ మొలుస్తుంది. చెక్కతో సహా బయటకి తీసి బేసిన్‌లో పెట్టి కోసుకోవాలి. తీయడానికి కుదరకపోతే ఫిల్టర్ ఆపేసి, ఒక చేత్తో సైఫన్ పైపు పట్టుకుని తునకలు పీల్చేస్తూ కోయాలి, దానికి ఇంట్లో ఇంకో మనిషి కావాలి.

ఇప్పుడు పనికిరాని మూడింటి గురించి త్వరగా చెప్తా. వేవ్ కత్తెర తయారుచేసింది కార్పెట్ మొక్కల కోసం, అంటే మాంటే కార్లో, హెయిర్‌గ్రాస్ లాంటివి నేల మీద పరుచుకుంటే వాటిని పై నుంచి సమంగా కోయడానికి. మెలిక ఉండటం వల్ల చెయ్యి పైన ఉన్నా రెక్కలు ఇసుకకి సమాంతరంగా వెళ్తాయి, ఆలోచన మంచిదే. కానీ ఆ కార్పెట్ దట్టంగా పెరగాలంటే మంచి వెలుతురు, సీఓటూ, మెత్తటి నీళ్ళు ఉంటే మేలు. మా బోరు నీళ్ళు, కరిగిన ఉప్పులు కొలిచే టీడీఎస్ మీటర్లో వెయ్యి దాటతాయి, గీజర్ కాయిల్ మీద సున్నం గడ్డ కడుతుంది, అలాంటి చోట నా లాంటి సింపుల్ తొట్టిలో కార్పెట్ అనేది ఫొటోలో చూసి సంతోషించాల్సిన విషయం. వంగిన ట్వీజర్ కొసలు కలవలేదు, వెంట్రుక పరీక్షలో ఫెయిల్. చచ్చిన నత్తలు ఏరడానికి వాడుతున్నా. ఇసుక పట్టీ పనిని ఏ పాత ఏటీఎం కార్డయినా చేస్తుంది. అద్దం మీద గట్టి పాచి గీకడానికి బాగుంటుందని కొందరంటారు, నిజమే గీకుతుంది, కానీ అంచుకీ అద్దానికీ మధ్య ఒక్క ఇసుక రేణువు ఇరుక్కుంటే జీవితాంతం ఉండే గీత పడుతుంది.

స్టీలు నాణ్యత గురించి. అయస్కాంతం అంటుకుంటే నాసి స్టీలని షాపుల్లో చెప్తుంటారు. గిన్నెలు కొనేటప్పుడు ఆ లెక్క కొంతవరకు సరే, కత్తెర దగ్గర అది పనిచేయదు. పదును నిలవాలంటే వేడిచేసి గట్టిపరచగల స్టెయిన్‌లెస్ రకం కావాలి, 420 లాంటిది, దానికి అయస్కాంతం అంటుకుంటుంది. గిన్నెల్లో వాడే 304కి సాధారణంగా అంటుకోదు, కానీ దాన్ని అలా గట్టిపరచలేరు. కాబట్టి కత్తెరకి అయస్కాంతం అంటుకుందని రిటర్న్ పెట్టకండి. ఆ గట్టి రకంలో క్రోమియం కాస్త తక్కువ, అందుకే తడిగా వదిలేస్తే తుప్పు చుక్క వస్తుంది, నాకు రివెట్ చుట్టూ వచ్చింది. వాడాక బోరు నీళ్ళతో కడిగి అలాగే ఆరబెడితే తుప్పుతో పాటు తెల్లటి ఉప్పు మరకలు కూడా పడతాయి. తాగే ఆర్వో క్యాన్ నీళ్ళు గ్లాసుడు పోసి కడిగి, పొడిగుడ్డతో తుడిచి, కీలు దగ్గర కుట్టుమిషన్ నూనె బొట్టు వేసి పెడితే చాలు, మళ్ళీ వాడేముందు శుభ్రంగా తుడిచేయండి. కొబ్బరి నూనె వద్దు, జిడ్డు కడుతుంది. నల్ల కోటింగ్ ఉన్న రకం ఫొటోల్లో అందంగా ఉంటుంది గానీ అంచుల దగ్గర పెచ్చులూడే అవకాశం ఉంది, ఆ పెచ్చులు పడేది చేపల నీళ్ళల్లోనే. మామూలు వెండి రంగుదే తీసుకోండి.

సెట్ మీద డబ్బు పెట్టడం ఇష్టం లేనివాళ్ళకి ఇంకో దారి ఉంది. సర్వజన ఆస్పత్రి చుట్టుపక్కల మందుల షాపుల మధ్య సర్జికల్ సామాన్ల షాపులు ఉంటాయి కదా, అక్కడ మెట్జెన్‌బామ్ కత్తెర అని అడగండి. పిడి పొడుగ్గా, రెక్కలు పొట్టిగా ఉంటాయి, కొస వంపుది కూడా దొరుకుతుంది. నేను వెళ్తే అక్కడాయన పైకీ కిందకీ చూసి "ఏంటికన్నా ఇది, డాక్టరా నువ్వు?" అన్నాడు. "కాదన్నా, చేపల తొట్టిలో చెట్లు కోయల్ల" అన్నా. కాసేపు నవ్వి, కౌంటర్ కింద నుంచి ఇంకా పొడుగుది తీసి చూపించాడు, దాంతో పాటు పొడుగు డ్రెస్సింగ్ ఫోర్సెప్స్, అంటే ఆస్పత్రి చిమటా, కూడా. సర్జికల్ కత్తెర కీలు స్క్రూది, బిగువు నా సెట్ కన్నా మెరుగ్గా ఉంది, రొటాలా కాడ నలగకుండా కట్ అవుతుంది. ధర కత్తెర ఒక్కదానికే సెట్ ధరలో సగం దాకా పలికింది. పొడవు కాస్త తక్కువ, అడుగు లోతు తొట్టికి పర్వాలేదు, అంతకంటే లోతైతే చెయ్యి ముంచాల్సిందే. ఇప్పుడైతే నేను కోయడానికి అది, నాటడానికి సెట్‌లోని ట్వీజర్ వాడుతున్నా. ఇలాంటి ట్వీజర్ ఒక్కటే విడిగా దొరికితే ఈ సెట్ కొనమని చెప్పను.

కత్తెర వల్ల తీరని సమస్యలు కూడా రాయాలి, లేకపోతే సెట్ కొన్నా మొక్క పెరగలేదని తిట్టుకుంటారు. కొత్త చిగురు తెల్లగా పాలిపోతుంటే ఇనుము లోపం, ముదురాకులకి సన్నటి చిల్లులు పడుతుంటే పొటాషియం లోపం, హైగ్రోఫిలాలో ఈ చిల్లులు బాగా కనిపిస్తాయి. కోసుకుంటూ పోతే మళ్ళీ అదే ఆకు వస్తుంది. చాలా అక్వేరియం ఎరువుల సీసాల్లో ఇనుము ఈడీటీఏ రూపంలో ఉంటుంది, ఇనుము నీళ్ళల్లో కరిగే ఉండేలా పట్టి ఉంచేది ఈ ఈడీటీఏనే, అది పీహెచ్ ఏడుకి దగ్గరయ్యేసరికే పట్టు సడలిస్తుంది, మన బోరు నీళ్ళేమో ఎనిమిది దగ్గరుంటాయి. పోసిన ఇనుములో మొక్కకి అందేది కొంతే. దీనికి మందు మన ఊళ్ళోనే ఉంది, చీనీ (బత్తాయి) తోటల వాళ్ళు ఎరువుల షాపులో కొనే ఈడీడీహెచ్ఏ ఐరన్. సున్నపు నేలల్లో చీనీ ఆకు పసుపెక్కితే వాడేది అదే, పీహెచ్ తొమ్మిది వరకు తట్టుకుంటుంది. నీళ్ళకి ఎర్ర రంగు వస్తుంది కాబట్టి చిటికెలో చిటికె వేయాలి. డ్రిప్‌లో వదిలే 13:0:45 కూడా అక్కడే దొరుకుతుంది, అది పొటాషియం నైట్రేట్, కొన్ని అక్వేరియం కంపెనీలు సీసాలో నీళ్ళు కలిపి అమ్మేదాంట్లో ముఖ్యమైన సరుకు అదే. కిలో ప్యాకెట్ కొంటే మన తొట్టికి ఏళ్ళ తరబడి వస్తుంది. రొయ్యలు పెంచేవాళ్ళు ప్యాకెట్ మీద రాగి ఉందేమో చదివి కొనండి, రాగి వాటికి విషం.

ఇంకొక్క మాట, ఇది అనంతపురం, కర్నూలు, కడప వాళ్ళకే. మార్చిలో ఒక పెద్ద ట్రిమ్మింగ్ చేసేయండి. ఏప్రిల్, మేలో బయట నలభై దాటితే ఇంట్లో తొట్టి నీళ్ళు 32, 33కి పోతాయి, వేడి నీళ్ళల్లో ఆక్సిజన్ తక్కువ నిలుస్తుంది, మొక్కలు పగలు ఆక్సిజన్ వదిలినా రాత్రి అవి కూడా పీల్చుకుంటాయి. దట్టంగా అడవిలా ఉన్న తొట్టిలో తెల్లారుజామున చేపలు పైకొచ్చి నోరు తెరుస్తుంటే కారణం చాలావరకు ఇదే. పైన తేలే ఆకులు తీసేసి నీటి మట్టం ఖాళీ చేస్తే సగం టెన్షన్ పోతుంది. చిన్న టేబుల్ ఫ్యాన్ నీటి మీదకి తిప్పితే మన పొడి గాలికి రెండు మూడు డిగ్రీలు దిగుతుంది, సముద్రం పక్క ఊళ్ళ వాళ్ళకి ఇంత సులువు కాదు. ఆవిరైన నీళ్ళకి బదులు మళ్ళీ బోరు నీళ్ళే పోస్తే ఉప్పు పెరుగుతూ పోతుంది, ఆ కొరత మటుకు ఆర్వో నీళ్ళతో పూడ్చండి.

డెలివరీ గురించి రాయడం మరిచా. అట్టపెట్టె నలిగి వచ్చింది, లోపల పౌచ్ బాగానే ఉంది, కొసలకి ప్లాస్టిక్ తొడుగులు పెట్టారు. వంగిన ట్వీజర్ కొసలు కలవలేదని ఫొటో పెట్టి అమ్మినవాళ్ళకి రాస్తే, సెట్ మొత్తం వెనక్కి పంపితేనే మారుస్తామన్నారు, ఒక్క ముక్క మార్చరట. బాగున్న ట్వీజర్ని పంపి మళ్ళీ ఎలాంటిది వస్తుందో అన్న అనుమానంతో ఊరుకున్నా.

ఈ వారం కుడి సగం కోశా. హైగ్రోఫిలా తలలు, వాలిస్నేరియా పిల్లలు బక్కెట్ నిండా ఉన్నాయి, చిన్న నత్తలు కూడా వస్తాయి, ముందే చెప్తున్నా. సాయినగర్ వైపు వచ్చేవాళ్ళెవరైనా ఉంటే కింద కామెంట్ పెట్టండి, తడి పేపర్లో చుట్టి ఇస్తా, డబ్బులేం వద్దు. కవరు మాత్రం మీరే తెచ్చుకోండి.